ఒట్టుతో నడిచే మరలు

ఫిబ్రవరి 28, శుక్రవారం

నాలుగో మెట్టు పూర్తయింది! అమ్మాయికి ఇవాళ ఒంటిపూట బడి. నేనూ మూడింటికల్లా ఇంటికొచ్చి పడ్డాను. ఇద్దరం హాల్లో నేల మీద బోర్లా పడుకుని పటానికి రంగులు వేశాం. మా ఆవిడ కుట్టుమిషను దగ్గర నుంచి తల తిప్పి చూసి, "తొమ్మిదో తరగతి పిల్ల ఎవరో, నలభై నాలుగేళ్ళ మనిషి ఎవరో తెలియడం లేదు" అంది. "ఇంతకీ ఈ ఆటలో గెలిచేదెవరు?" అని రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. ఎవరూ గెలవరు. వాళ్ళ పాత్రలు ఏం చేస్తాయో వాళ్ళు చెప్తారు, పాచికలు వేస్తారు, అప్పుడు ఏమైందో నేను చెప్తాను. "నోటితో పొట్ట నింపుకోవడం అన్నమాట" అంటుంది.

ఆదివారం ఆడే ముగ్గురూ, అంటే అమ్మాయి, నాతో పనిచేసే బక్కోడు, మందుల షాపాయన, నాలుగో మెట్టుకి చేరాలి. ఏడు మెట్ల ఊరు అంటే కొండని నిలువునా చెక్కి కట్టిన ఊరు. మెట్టుకీ మెట్టుకీ మధ్య మనుషుల్ని మోసే తొట్లు. లిఫ్టు మెకానిక్కు లోకాన్ని సృష్టిస్తే అందులో ఇంకేం ఉంటాయని బక్కోడి ఎగతాళి. కానీ నా గర్వమంతా ఆ తొట్లని నడిపించేదాని గురించే. అక్కడ మంత్రం వేరు, యంత్రం వేరు కాదు. కమ్మరి చక్రాలు బిగించాక ఎవరో ఒకరు మర మీద అరచెయ్యి ఆనించి ఒట్టు వేయాలి. రోజూ తెల్లారగానే వచ్చి నీకు నూనె పోస్తాననో, నీ మీద ఎక్కినవాళ్ళని నా వాళ్ళనుకుంటాననో. ఒట్టు నిలబడినంత కాలం మర నడుస్తుంది. తప్పిన క్షణాన ఆగిపోతుంది. అందుకే అమ్మాయి ఆడే మర వైద్యురాలు ఏ మర దగ్గరికెళ్ళినా ముందు చెవి ఆనించి, "లోపం ఇనుములో ఉందా, ఒట్టులో ఉందా?" అని అడుగుతుంది. ఇనుములో ఉంటే సుత్తి తీస్తుంది. ఒట్టులో ఉంటే, వేసినవాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాలి.

ఇవాళ చూడాల్సిన లిఫ్టుల్లో ఐదంతస్తుల బిల్డింగుది ఒకటి చూడకుండా మిగిలిపోయింది. లాగ్‌బుక్కు సంచిలోనే ఉంది కాబట్టి ఇంట్లోనే నింపేశాను. సాయంత్రం నాలుగు గంటలు, బ్రేకు లైనింగు చూడబడినది, బాగున్నది, సంతకం. మోటారు చక్రాన్ని పట్టి ఆపే ఆ పట్టీ ఉండేది డాబా మీది మోటారు గదిలో. దానికి నిలువు నిచ్చెన. దాన్ని తలుచుకుంటేనే నా మోకాలు మూలుగుతుంది.

అమ్మాయి కుంచె పట్టుకునే నా వైపు చూసింది. "చూడకుండానే రాస్తావా నాన్నా?"

"పదమూడేళ్ళుగా చూస్తున్నా. అది నాకు తెలియనిదా?"

నవ్వింది. నాలుగో మెట్టు తొట్టికి నీలం రంగు వేసింది. బాగా కుదిరింది.

మార్చి 4, మంగళవారం

బక్కోడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. ఉంచుతారో తీసేస్తారో చెప్పడం లేదు.

ఐదంతస్తుల బిల్డింగే. వాడు లిఫ్టు కింద గుంతలోకి దిగి తుడుస్తున్నాడు. నేను మొదటి అంతస్తులో తలుపు చక్రాలకి నూనె పెడుతున్నాను. లిఫ్టు పెట్టె మూడో అంతస్తులో ఖాళీగా నిలబడి ఉంది. ఖాళీ పెట్టె కన్నా తాడు రెండో కొసన వేలాడే ఇనుప దిమ్మ బరువెక్కువ. పట్టు జారితే పెట్టె పైకి పోతుంది, దిమ్మ కిందికి దిగుతుంది. దిమ్మ దిగింది.

"అన్నా" అని ఒక్కసారే పిలిచాడు. ఏదో రెంచి అడుగుతున్నాడనుకుని "వస్తున్నా, ఉండ్రా" అన్నాను.

పదకొండేళ్ళుగా నా పక్కనే పనిచేస్తున్నాడు. అమ్మాయి బాబాయ్ అంటుంది, వాడి భార్యని పిన్ని అంటుంది. ఆటలో వాడి పాత్ర పేరు బండరాయి. ఒంటిచేత్తో తొట్టిని ఆపగల కూలీ. నలభై ఎనిమిది కిలోల మనిషి ఏరి కోరి ఆ పాత్ర తీసుకున్నాడు.

ఇక రాయలేను.

మార్చి 5, బుధవారం

సూపర్వైజరు పొద్దున్నే ఫోన్ చేసి ఆ లిఫ్టుకి కొత్త లైనింగు వేసేయమన్నాడు. సర్కారు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు అంతా శుభ్రంగా కనబడాలట. వేశాను. నిచ్చెన ఎక్కాను, మోకాలు ఏమీ అనలేదు.

పాత లైనింగు అరిగింది. మరీ అంత కాదు. కొంచెం. పారేశాను.

మార్చి 6, గురువారం

ఇన్‌స్పెక్టరు నెమ్మదస్తుడు. చెయ్యి ఊపి కూర్చోమన్నాడు.

"బ్రేకు ఎప్పుడు చూశారు?"

"లాగ్‌లో ఉంది సార్."

అబద్ధం కాదు. లాగ్‌లో ఉంది.

తిరగేసి చూశాడు. శుక్రవారం, నాలుగు గంటలు, నా సంతకం. "అయితే బ్రేకు బాగానే ఉందన్నమాట. మీవాడు గుంతలోకి దిగేముందు స్టాప్ స్విచ్ నొక్కలేదు. పైనెవరో బటన్ నొక్కి ఉంటారు, లిఫ్టు కదిలింది. అంతే కదా?"

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. స్విచ్ నొక్కితే మోటారు ఆగుతుంది. కానీ బ్రేకే పట్టకపోతే స్విచ్ నొక్కి ఏం లాభం? ఈ సంగతి ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. లేచి దణ్ణం పెట్టి వచ్చేశాను.

మార్చి 7, శుక్రవారం

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి కదా.

మార్చి 9, ఆదివారం

ఆట లేదు. డబ్బా తీసి ఊరికే సర్దాను. పాచికలు, పటాలు, రూల్స్ నోటుబుక్కు. నిజం బిళ్ళల్లో ఖర్చు కానిది ఒక్కటే, అది డబ్బాలో లేదు. నిజం బిళ్ళంటే ఒక పాత ఇనుప వాషరు. ఆట మొదట్లో తలా ఒకటి ఇచ్చాను. అది బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్నకి ఆట నడిపేవాడు నిజమే చెప్పాలి, తప్పించుకోకూడదు. బక్కోడు తన బిళ్ళని మొదటి వారమే ఖర్చు పెట్టేశాడు. "రాజుగారు స్నానం చేస్తాడా?" అని అడిగాడు. చేయడని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

మిగిలిన బిళ్ళ అమ్మాయిది. రెండేళ్ళుగా దాచుకుంటోంది.

మార్చి 11, మంగళవారం

ఆస్పత్రికి వెళ్ళాను. కాలికి ఇనుప చట్రం బిగించారు. ఇరవై నాలుగున పెద్ద ఆపరేషన్, అప్పటిదాకా చెప్పలేమంటున్నారు. వాడి భార్య, నాకు మరదలి వరస, నన్ను చూడగానే కుర్చీ లాగి వేసింది. "మీ తమ్ముడు రాత్రీ పగలూ ఒకటే గోల బావగారూ, మీరైనా చెప్పండి" అంది.

వాడు బొటనవేలితో దుప్పటి మీద ఏదో నొక్కుతున్నాడు. నొక్కుతాడు, ఆగుతాడు, మళ్ళీ నొక్కుతాడు.

"నొక్కానా అన్నా? దిగేముందు ఇలా కుడిచేత్తో నొక్కుతాను కదా. పదకొండేళ్ళలో ఒక్కసారి మర్చిపోలేదు. ఆ రోజు నొక్కినట్టే ఉంది, నొక్కనట్టే ఉంది. ఏమీ గుర్తు రావట్లా."

"ఇప్పుడదంతా ఎందుకురా."

"ఇన్‌స్పెక్టరు కాగితం తెచ్చాడు. నొక్కలేదని ఒప్పుకుని సంతకం పెట్టేశాను. నువ్వు బ్రేకు చూశావు కదా, ఇంకేం కారణం ఉంటుంది?"

"ఎక్కువ ఆలోచించకు" అని లేచి వచ్చేశాను.

మార్చి 12

బ్రేకు చూశాను. ఫిబ్రవరిలో కాకపోతే జనవరిలో చూశాను. రెండు నెలల్లో ఏ లైనింగూ అంతలా అరగదు.

మార్చి 13

జనవరిలో నిచ్చెన ఎక్కినట్టు గుర్తు లేదు.

మార్చి 16, ఆదివారం

మందుల షాపాయన పట్టుబట్టాడు. "ఒక గంట ఆడదాం, మనసు తేలికవుతుంది, వాడికి చెప్తే వాడూ సంతోషిస్తాడు" అన్నాడు. ఆటలో ఈయన ముసలి మంత్రగాడు. డాక్టర్ల చేతిరాతే చదివే మనిషికి మంత్రాలు ఒక లెక్కా అంటాడు. అమ్మాయి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పది రోజుల తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

ఆటకి రానివాళ్ళ పాత్ర ఎక్కడుందో చెప్పడం మా అలవాటు. నేనేమీ ఆలోచించలేదు, నోటికి వచ్చింది చెప్పేశాను. నాలుగో మెట్టు తొట్టి జారి పడింది, కింద ఉన్నవాళ్ళకి దెబ్బలు తగిలాయి, తాడు వదిలేశాడని బండరాయిని చెరసాల కొట్లో వేశారు.

చెప్పాక విన్నాను నేనేం చెప్పానో.

మందుల షాపాయన "అయ్యో, పాపం వాడికి అక్కడా కష్టాలేనా" అని నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

"మర వైద్యురాలు కొట్టు దగ్గరికి వెళ్తుంది" అంది. ఇంట్లో ఒక్క మాట లేదు. ఆటలో మాత్రం గొంతు స్పష్టంగా ఉంది. "బండరాయిని అడుగుతుంది, తాడు వదిలావా అని."

"గుర్తు లేదంటాడు."

"అయితే తొట్టి దగ్గరికి వెళ్తుంది. చెవి ఆనిస్తుంది. లోపం ఇనుములో ఉందా, ఒట్టులో ఉందా?"

పాచికలు వేయమన్నాను. వేసింది, పెద్ద అంకె పడింది. అయినా "స్పష్టంగా వినబడదు" అన్నాను. అంత పెద్ద అంకెకి వినబడదనడం ఏ రూల్లోనూ లేదు. మందుల షాపాయన నా వైపు అదోలా చూశాడు.

అమ్మాయి జేబులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. రెండేళ్ళు దాచుకున్న బిళ్ళ.

"ఆ తొట్టికి ఒట్టు వేసినవాడు, తాడు చూశానని చెప్పిన రోజు, నిజంగా దాని దగ్గరికి వెళ్ళాడా?"

కుట్టుమిషను చప్పుడు ఆగింది. మా ఆవిడ ఏదో దారం వెతుక్కుంటోంది, అంతే. కానీ గది మొత్తం నా నోటి వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"వెళ్ళాడు" అన్నాను.

అమ్మాయి కాసేపు నన్నే చూసింది. కోపం ఉన్నా బాగుండేది. "ఆట చాలు అంకుల్" అని మందుల షాపాయనకి చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. బిళ్ళ బల్ల మీదే ఉంది.

మార్చి 17, సోమవారం

బిళ్ళకి అబద్ధం చెప్పాను. స్నానం చేయని రాజు గురించి నిజం చెప్పినవాణ్ణి, దీనికి అబద్ధం చెప్పాను.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నేను వెళ్ళలేదు. నిచ్చెన ఎక్కలేదు. శుక్రవారం నాలుగింటికి హాల్లో నేల మీద పడుకుని బొమ్మకి రంగులు వేస్తున్నాను. పాత లైనింగు పారేయలేదు, స్కూటరు డిక్కీలో గుడ్డలో చుట్టి ఉంది. కొంచెం అరగడం కాదు, కాగితమంత పలచగా అయిపోయింది. ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు, ఎవరికైనా తెలిసేది.

అమ్మాయికి మొదటి నుంచీ తెలుసు. మాట్లాడకపోవడానికి కారణం పరీక్షలూ కావు, టెన్షనూ కాదు. నా పక్కనే కూర్చుని చూసింది, నవ్వింది కూడా. ఆ నవ్వినందుకే తనని తాను తినేస్తోందేమో. ఈ సంగతి ఇప్పుడే తట్టింది నాకు. రోజుకి పది లిఫ్టులు బాగుచేస్తానని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇంట్లో పిల్ల ఎందుకు ఆగిపోయిందో పది రోజులు పట్టింది తెలుసుకోడానికి.

మార్చి 19, బుధవారం

లైనింగు తీసుకెళ్ళి సూపర్వైజరు బల్ల మీద పెట్టాను. "సార్, వాడు స్విచ్ నొక్కే ఉంటాడు. తప్పు నాది. నేను చూడకుండా రాశాను."

ఆయన లైనింగు వైపు చూడలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎవరికి చెప్పావు?"

"మీకే."

"రిపోర్టు వెళ్ళిపోయింది. వాడే ఒప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వొచ్చి లాగ్ అబద్ధం అంటావు. సరే, రాస్తాను. కానీ ఒక్కటి అబద్ధమైతే మిగతావి నిజమని ఎలా రాయను? నీ సంతకం ఉన్న లిఫ్టులు ముప్పై ఎనిమిది. ఈ క్షణం నుంచి అన్నీ ఆపాలి. ఆస్పత్రిది కూడా నీదే. ఆపమంటావా? చెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఫోన్ నా వైపు జరిపాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. బక్కోడు ఉన్నది ఆ ఆస్పత్రిలోనే, నాలుగో అంతస్తులో.

"అంత బాధగా ఉంటే వెళ్ళి అన్నీ చూసుకో. ఎవరొద్దన్నారు?" అని లైనింగు తీసి తన సొరుగులో వేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్ళాను. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడట, కొత్తాయన ఇంకా రాలేదట. అర్జీ పెట్టి వెళ్ళమన్నారు. పెట్టాను. దాని మీద ముద్ర వేసి కట్టలో పెట్టారు.

రాత్రి అమ్మాయి గది తలుపు బయట నిలబడి, "చెప్పేశానమ్మా, అందరికీ చెప్పేశాను" అన్నాను. లోపల లైటు ఆరిపోయింది.

మార్చి 20, గురువారం

బక్కోడికి చెప్పాను.

మరదలు మందులు తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. వాడి బొటనవేలు దుప్పటి మీద నొక్కుతూనే ఉంది, మధ్యలో ఆగిపోయింది.

"అంటే నేను నొక్కాను" అన్నాడు.

"నొక్కావురా."

"నొక్కాను." ఇంకోసారి అన్నాడు. తర్వాత ఏడ్చాడు. వాడు ఏడవడం నేను చూడటం ఇదే మొదలు. "కాలు పోతుందని ఒక్కరోజు ఏడవలేదన్నా. నా చెయ్యి నన్ను మోసం చేసిందని ఏడ్చాను. పదహారు రోజులు. నువ్వు రోజూ ఇక్కడే ఈ కుర్చీలో కూర్చున్నావు."

రోజూ కాదు, నాలుగుసార్లే వచ్చాను అందామనుకున్నాను. ఎంత సిగ్గులేని ఆలోచన.

"ఇంకెప్పుడూ రాకు అనాలని ఉంది" అన్నాడు. "అనలేకపోతున్నాను. ఇవాళ్టికి వెళ్ళు."

వచ్చేశాను. నాలుగంతస్తులూ మెట్ల మీద నుంచే దిగాను.

మార్చి 22, శనివారం

మూడు రోజుల్లో పంతొమ్మిది చూశాను. పదిహేడు బాగున్నాయి. ఒకదానికి స్టోరులో ఉన్న లైనింగు వేశాను.

పంతొమ్మిదోది ఆస్పత్రిది. అరిగిపోయింది. మరీ ఐదంతస్తుల దానిలా కాదు, కానీ అదే దారిలో ఉంది. ఈ సైజు స్టోరులో లేదు, పది రోజులు పడుతుందన్నారు. బ్రేకుని నొక్కి పట్టే స్ప్రింగు బిగించాను. ఎంత బిగించినా అరిగింది అరిగిందే. కింద తలుపుకి "పనిచేయుట లేదు" బోర్డు తగిలించాను. నేను మోటారు గది నుంచి దిగి వచ్చేలోపు బోర్డు తీసేశారు, లిఫ్టు నిండా జనం. ఆస్పత్రి మేనేజరు నా మీద కస్సుమన్నాడు. "పక్క లిఫ్టు ఏడాది నుంచి మూలపడింది, మీరే బాగుచేయలేదు. ఇదీ ఆపితే రోగుల్ని నువ్వు మోస్తావా? మీ కంపెనీకి ఫోన్ చేశా, నడపొచ్చు అన్నారు."

నడపొచ్చట. నా సంతకం చూసి చెప్పి ఉంటారు.

ఏడు మెట్ల ఊళ్ళో ఇలా జరగదు. ఒట్టు తప్పిన క్షణాన మర దానంతట అదే ఆగిపోతుంది. ఎవరూ బోర్డు తగిలించక్కర్లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఆ రూలు రాసుకున్నప్పుడు మంచి మంత్రం దొరికిందని మురిసిపోయాను. ఎందుకు అంత మురిసిపోయానో ఇవాళ ఆ తలుపు దగ్గర నిలబడితే అర్థమైంది. నేను అబద్ధమాడితే నన్ను పట్టుకునే యంత్రం ఒకటి ఉండాలని ఎప్పటి నుంచో కోరుకుంటున్నాను.

మార్చి 23, ఆదివారం

మందుల షాపాయనకి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాడు నన్నడిగాడు, నొక్కానా అని. నేనూ మర్చిపోయి ఉంటావులే అన్నాను" అన్నాడు.

ఆయన ఉండగానే అమ్మాయిని పిలిచాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. బిళ్ళ ఇంకా బల్ల మీదే ఉంది, వారం నుంచి ఎవరూ తీయలేదు.

"మొన్న నీ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పాను. ఒట్టు వేసినవాడు వెళ్ళలేదు. తాడు చూడలేదు. బండరాయి తప్పేమీ లేదు."

అమ్మాయి కుర్చీలో కూర్చుంది. మర వైద్యురాలి గొంతుతోనే అడిగింది. "అయితే తొట్టి ఎందుకు నడిచింది? అతను వెళ్ళని రోజే ఆగిపోవాలి కదా. అది జారి పడేవరకూ జనం ఎక్కుతూనే ఉన్నారు. ఇది రూలుకి విరుద్ధం."

నిజమే. రెండేళ్ళుగా కట్టిన లోకంలో నేను చూసుకోని చిల్లు అది. "నాకు తెలియదు" అన్నాను.

రూల్స్ నోటుబుక్కు తన వైపు లాక్కుంది. ఒట్టు తప్పిన క్షణాన మర ఆగిపోతుంది అని నేను రాసుకున్న వాక్యం కొట్టేసి కింద రాసింది. "ఆగదు. ఎవరైనా వెళ్ళి చూడాలి." మందుల షాపాయన తల వంచి చదివి, "ఇక ఈ లోకం ఆడటం కష్టమమ్మా" అన్నాడు.

ఆట ఆడలేదు. టీ తాగి ఆయన వెళ్ళిపోయాడు.

మార్చి 24, సోమవారం

పదకొండింటికి ఆపరేషన్. థియేటరు కింద, వార్డు నాలుగో అంతస్తులో. కాలికి ఆ ఇనుప చట్రంతో మెట్ల మీద దించడం కుదరదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది, మలుపుల దగ్గర స్ట్రెచరు తిరగదు. పొద్దున ఆరింటికే వెళ్ళి స్ప్రింగు ఇంకో చుట్టు బిగించాను. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

పదింపావుకి వాణ్ణి లిఫ్టు దగ్గరికి తెచ్చారు. ఇద్దరు వార్డువాళ్ళు, మరదలు, మా ఆవిడ, మందుల షాపాయన. అమ్మాయి బడిలో చెప్పి మధ్యలోనే వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. నేను రానా వద్దా అని కాస్త దూరంలో ఉన్నాను. బక్కోడు తల తిప్పి నన్ను వెతికాడు.

"బ్రేకు చూశావా?"

అందరూ నా వైపు చూశారు.

"చూశాను. బాగాలేదు. కొత్తది రావడానికి ఇంకా వారం పడుతుంది."

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వార్డువాళ్ళలో ఒకడు "ఏంటండీ ఈ మాటలు, అవతల టైమవుతోంది" అన్నాడు. బక్కోడు మాత్రం పని చెప్పుకునేటప్పటి గొంతుతో, "ఎలా దిగితే మంచిది?" అని అడిగాడు.

దానికి జవాబు ఉంది. ఇరవై మంది పట్టే పెట్టె అది. రెండో వైపు దిమ్మని పెట్టె సగం నిండితే సరిపోయేలా కడతారు. పదిమంది బరువుంటే రెండు వైపులా సమానం, బ్రేకు మీద దాదాపు భారం ఉండదు. తక్కువైతే దిమ్మ లాగుతుంది. స్ట్రెచరూ చట్రమూ వాడూ కలిపి ముగ్గురి బరువనుకోవచ్చు. చెప్పాను.

మందుల షాపాయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి మూలన నిలబడ్డాడు. స్ట్రెచరు తోశారు. వార్డువాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఎక్కారు. మరదలు ఎక్కింది. మా ఆవిడ నన్ను చూడకుండానే ఎక్కింది, నేనూ ఎక్కాను. తొమ్మిది. వరండాలో ఇంకా ఎవరెవరో ఉన్నారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని పిలిచి ఇందులోకి రమ్మనడానికి నోరు రాలేదు.

"ఇంకా ఎంతమంది కావాలి నాన్నా?"

ఆట బయట పదిహేడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. గడప బయట నిలబడి ఉంది, భుజానికి బడి సంచి.

"చాలమ్మా. తొమ్మిది చాలు."

"పది అన్నావు ఇందాక."

"తొమ్మిదైనా పర్వాలేదు. నువ్వు మెట్ల మీద రా."

"నిజం చెప్పు. చాలా, చాలదా?"

నా కూతుర్ని ఆ పెట్టెలోకి రావద్దనడానికి నా దగ్గర ఒక్క అబద్ధమే మిగిలింది. అది ఇప్పటికే వాడేశాను.

"పది ఉంటే మంచిది" అన్నాను.

సంచి తీసి ముందు వైపు వేసుకుని ఎక్కింది. బక్కోడి పక్కన చోటు చేసుకుని చట్రానికి ఎవరూ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. తలుపు మూసుకుంది. నేనే బటన్ నొక్కాను. మూడు, రెండు, ఒకటి. పైన మోటారు గదిలోంచి వచ్చే ప్రతి చప్పుడూ నాకు తెలిసినదే, ఒక్కటీ ఆపలేను. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏమీ కాలేదు. చిన్న కుదుపు కూడా లేకుండా దిగింది. వార్డువాడు "ఇంత దానికా ఇంత హడావిడి" అన్నాడు. బక్కోణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. కాలు ఉంచారు, ఎంత పనిచేస్తుందో నెల తర్వాత చెప్తామన్నారు.

ఏమీ కాలేదు. పదమూడేళ్ళుగా ప్రతిసారీ ఏమీ కాకపోవడం వల్లే కదా నేను నిచ్చెన ఎక్కడం మానేసింది. ఇవాళ కూడా ఏమీ కాలేదు కాబట్టి రేపు మేనేజరు నా మాట ఇంకా వినడు. అమ్మాయి అక్కడే కింద తలుపు దగ్గర నిలబడిపోయింది. వచ్చినవాళ్ళందరికీ ఒక్కరే ఎక్కొద్దని, పదిమంది అయ్యేదాకా ఆగమని చెప్తోంది. ఇద్దరు ఆగారు. మిగతావాళ్ళు నవ్వి ఎక్కారు.